మందుల చీటీ తరవాత: సోషల్ వర్క్ వృత్తి కథ

స్వదేశంలో వైద్యవిద్య పూర్తిచేసుకుని ఈ దేశపు ఆస్పత్రుల్లో రెసిడెన్సీకి చేరిన కొత్తలో మమ్మల్ని తికమక పెట్టిన సంగతులు చాలా ఉన్నాయి. నర్సు మా ఆర్డరును నిలదీసి ఎందుకని అడగటం, రోగి మమ్మల్ని పేరుపెట్టి పిలవటం, చావు కబురు ఫోనులో చెప్పవలసి రావటం. వీటన్నిటికీ క్రమంగా అలవాటు పడ్డాం. కాని పొద్దున్న రౌండ్సులో మాతోపాటు మంచం మంచానికీ నడిచే ఒకావిడ ఉద్యోగం ఏమిటో మాకు చాలాకాలం బోధపడలేదు. ఆవిడ మెడలో స్టెతస్కోపు ఉండదు. నాడి చూడదు, మందు రాయదు. ఆవిడే సోషల్ వర్కరు.

మన ఊళ్ళలో సోషల్ వర్కరంటే తెల్లని ఖద్దరు కట్టుకుని, రక్తదాన శిబిరంలో రిబ్బను కత్తిరించి, దండ వేయించుకుని వెళ్ళే పెద్దమనిషి. దానికో చదువు, డిగ్రీ, సిద్ధాంతాలు ఉంటాయని మెడికల్ కాలేజీలో మాకెవరూ చెప్పలేదు. అందుకని ఆవిణ్ణి మేము, ఫారాలు నింపి నర్సింగ్ హోముల్లో మంచాలు వెదికిపెట్టే గుమాస్తాగా జమకట్టుకున్నాం.

ఒక శీతాకాలంలో గుండె బలహీనతతో కాళ్ళకూ ఊపిరితిత్తులకూ నీరు పట్టిన ముసలాయన ఒకాయన మా వార్డుకు ఆరు వారాల్లో మూడుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ లాసిక్స్ ఇంజెక్షన్లిచ్చి, నీరు తీసి, ఆయాసం తగ్గించి, మాత్రల మోతాదు పెంచి, ఉప్పు మానమని చెప్పి పంపాం. మూడోసారి కేసు షీటులో "మందులు సరిగా వాడడు" అని రాసి చేతులు దులుపుకున్నాం. ఆ మధ్యాహ్నం సోషల్ వర్కరు ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకు కూర్చుని ఒక ప్రశ్న అడిగింది: "మీ ఇంట్లో బాత్రూము ఎక్కడుంది?"

ఆయన అద్దెగది మూడో అంతస్తులో. బాత్రూము కింది అంతస్తులో, నలుగురు అద్దెదారులకు కలిపి ఒకటి. నీరు పోవటానికి ఇచ్చిన మాత్ర వేసుకున్న రోజున పూట తిరిగేలోగా అరడజనుసార్లు మెట్లు దిగాలి, ఎక్కాలి. ఆ కాళ్ళతో, ఆ ఆయాసంతో అది సాధ్యం కాక మాత్ర మానేశాడు. వారం రోజుల్లో ఆవిడ ఆయనకు కింది అంతస్తులో గది, మంచం పక్కన కమోడు కుర్చీ ఏర్పాటు చేయించింది. ఆ చలికాలంలో ఆయన మళ్ళీ మా వార్డుకు రాలేదు.

ఆ ప్రశ్న మాకెందుకు తట్టలేదని సిగ్గుపడ్డాం. అది ఆవిడ కలుపుగోలుతనం వల్లనో, ఆడమనసు వల్లనో తట్టిన ప్రశ్న కాదనీ, దాని వెనక నూరేళ్ళకు పైబడిన అధ్యయనం, తగవులు, పొరపాట్లు ఉన్నాయనీ తరవాత చదివి తెలుసుకున్నాం. తెలుసుకున్నంతలో ఆ కథను మన కుటుంబాలకు చెబుదామనే ఈ ప్రయత్నం.

పాత్రదానం, అపాత్రదానం

దానం ఎవరికివ్వాలి, ఎవరికివ్వకూడదు అనే విచికిత్స మనకు కొత్తది కాదు. పాత్రత చూసి ఇమ్మన్నారు, అపాత్రదానం పనికిరాదన్నారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ సరిగ్గా ఇదే చర్చ జరిగింది. యంత్రాలు వచ్చి, పల్లెలు ఖాళీ అయి, పట్టణాల్లో పేదల వాడలు పెరిగాయి. చర్చీలు, ధర్మసంస్థలు ఎవరికి తోచినట్టు వారు పంచిపెట్టేవారు. ఒకే మనిషి నాలుగుచోట్ల తీసుకుంటున్నాడనీ, నిజంగా అవసరమున్నవాడికి అందటంలేదనీ 1869లో లండన్లో చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ వెలిసింది. 1877లో అమెరికాలో మొదటి సొసైటీ బఫెలో నగరంలో ఏర్పడింది.

ఈ సొసైటీల పద్ధతి ఏమిటంటే, సహాయం కోరిన ప్రతి ఇంటికీ ఒక స్వచ్ఛంద సేవకురాలు వెళ్ళాలి. ఇంటి పరిస్థితి చూసి రాసుకోవాలి. ఆ కాగితం భద్రపరచాలి. ఆ సేవకురాలిని "స్నేహపూర్వక సందర్శకురాలు" అనేవారు. సాధారణంగా కలిగినవారి ఇంటి స్త్రీ. డబ్బుకన్న మంచి మాట, మంచి నడవడి నేర్పటం ముఖ్యమని ఆవిడ నమ్మకం. పేదరికానికి కారణం పేదవాడి సోమరితనం, తాగుడు అనే అభిప్రాయం ఆ నమ్మకం వెనక బలంగా ఉండేది. అందులోని అహంకారం ఇవాళ మనకు స్పష్టంగా కనిపిస్తుంది. అయినా రెండు మంచి అలవాట్లు అక్కడినించే వచ్చాయి: ఇంటికి వెళ్ళి చూడటం, చూసినది రాసి ఉంచటం. ఇంటింటికీ తిరిగిన కొద్దీ, తాగుడు కంటె కూలి తక్కువ కావటం, జబ్బు, భర్త చనిపోవటం ఎక్కువగా కనిపించాయని ఆ కాగితాలే చివరికి చెప్పాయి.

హాల్‌స్టెడ్ వీధిలో ఇల్లు

ఇంకొక పాయ వేరేచోట పుట్టింది. 1884లో లండన్ ఈస్ట్ ఎండ్ పేటలో శామ్యూల్ బార్నెట్ దంపతులు టాయిన్‌బీ హాల్ స్థాపించారు. చదువుకున్న యువకులు పేదవాడలోకి అప్పుడప్పుడూ వచ్చి వెళ్ళటం కాదు, అక్కడే కాపురం ఉండి, ఇరుగుపొరుగుగా బతకాలని వారి సంకల్పం. దానిని చూసివచ్చిన జేన్ ఆడమ్స్, స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి 1889లో చికాగో హాల్‌స్టెడ్ వీధిలో హల్ హౌస్ తెరిచారు. చుట్టూ ఇటలీ, గ్రీసు, రష్యా, పోలండు నించి వచ్చిన వలసజనం. మనలాగే భాష రానివాళ్ళు, మనలాగే పిల్లలు తమ చేతిలోంచి జారిపోతున్నారని బెంగపడ్డవాళ్ళు.

హల్ హౌస్ వాళ్ళు వాడలో ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంట్లో ఏ దేశస్థులున్నారో, వారానికెంత సంపాదిస్తున్నారో రంగుల పటాలు గీసి 1895లో ప్రచురించారు. బడి, వ్యాయామశాల, పసిపిల్లల సంరక్షణ, కార్మికుల సమావేశాలు అన్నీ ఆ కప్పు కిందే జరిగేవి. డాక్టర్ల దృష్టికి ముఖ్యంగా రావలసిన మనిషి అక్కడ ఒకరున్నారు: డాక్టర్ ఆలిస్ హామిల్టన్. 1897లో హల్ హౌస్‌లో చేరి, పొరుగున కనిపించే కూలీల చేతుల పక్షవాతం, కడుపునొప్పి వెనక సీసం విషం ఉందని ఫ్యాక్టరీలకు వెళ్ళి నిరూపించారు. 1919లో హార్వర్డ్ ఆమెను అధ్యాపకురాలిగా తీసుకుంది. ఆ విశ్వవిద్యాలయంలో అధ్యాపక పదవి పొందిన మొదటి స్త్రీ ఆమే. కాని పట్టాల ప్రదానపు ఊరేగింపులో నడవకూడదనీ, ఫ్యాకల్టీ క్లబ్బులో అడుగుపెట్టకూడదనీ షరతు పెట్టారట!

అదే ఇంట్లో ఉండి పనిచేసిన జూలియా లేత్రప్ 1912లో ఫెడరల్ ప్రభుత్వపు చిల్డ్రన్స్ బ్యూరోకు మొదటి అధిపతి అయ్యారు. ఆ బ్యూరో 1913లో పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్ పట్టణంలో, ఒక ఏడాదిలో పుట్టిన పిల్లలందరి ఇళ్ళకూ వెళ్ళి విచారించి, తండ్రి సంపాదన తగ్గినకొద్దీ శిశుమరణాలు పెరుగుతున్నాయని తేల్చింది. బిడ్డ చనిపోతే తల్లికి పెంచటం రాలేదనే మాటకు అది జవాబు.

ఇక్కడినించి సోషల్ వర్క్ కు రెండు చూపులు ఏర్పడ్డాయి. ఒకటి, ఈ మనిషిని, ఈ కుటుంబాన్ని ఎలా నిలబెట్టాలి? దీని నించి "కేస్ వర్క్" వచ్చింది. రెండు, ఇటువంటి కుటుంబాలను తయారుచేస్తున్న వ్యవస్థను ఎలా మార్చాలి? దీని నించి సామాజిక సంఘటన, శాసనాల కోసం పోరాటం వచ్చాయి. క్లబ్బుల్లో, వసతిగృహాల్లో జనాన్ని కూర్చి పనిచేయటం నించి "గ్రూప్ వర్క్" మూడో పద్ధతిగా ఎదిగింది. మొదటి రెండు చూపుల మధ్య తగవు ఈనాటికీ తీరలేదు.

వసారాలో ఒక బల్ల

ఆస్పత్రిలోకి ఈ వృత్తి ఎలా వచ్చింది? 1895లో లండన్ రాయల్ ఫ్రీ హాస్పిటల్ మేరీ స్టూవర్ట్ అనే ఆమెను నియమించింది. అసలు ఉద్దేశం దయ కాదు. డబ్బివ్వగలిగినవాళ్ళు ఉచిత వైద్యాన్ని దుర్వినియోగం చేయకుండా కనిపెట్టటం ఆమె పని. అయితే కాపలాకు పెట్టిన మనిషి రోగుల కష్టాలు వినే మనిషి అయింది. ఇంగ్లండులో ఆస్పత్రి సోషల్ వర్కర్లకు ఆమె ఆద్యురాలు.

అమెరికాలో ఈ పనికి మూలపురుషుడు డాక్టర్ రిచర్డ్ కాబట్. క్లినికో పాథలాజికల్ కాన్ఫరెన్సు అంటే తెలియని డాక్టరు ఉండడు కదా. శవపరీక్షతో సరిపోల్చి, తమ రోగనిర్ణయంలోని తప్పులను నలుగురి ఎదుటా ఒప్పుకునే ఆ పద్ధతిని బోస్టన్లోని మాసచూసెట్స్ జనరల్ హాస్పిటల్లో ప్రవేశపెట్టినవాడు ఆయనే. అక్కడి అవుట్ పేషెంటు విభాగంలో రోజూ పదుల మందిని చూస్తూ, "విశ్రాంతి తీసుకో, పాలూ గుడ్లూ తిను, గాలి మార్పుకు వెళ్ళు" అని చెప్పి పంపుతూ, ఈ సలహాల్లో ఒక్కటి కూడా ఆ కూలివాళ్ళు పాటించలేరని ఆయన గుర్తించాడు. ఒక శిశుసంక్షేమ సంస్థ డైరెక్టరుగా ఉన్నప్పుడు, అక్కడివాళ్ళు ఒక్కొక్క పిల్లవాణ్ణి గురించీ ఇంటి నించీ బడి నించీ ఎంత ఓపికగా విషయాలు సేకరించేవారో ఆయన చూశాడు. డాక్టర్లం మేమింత కొంచెం తెలుసుకుని ఎలా వైద్యం చేస్తున్నాం అని ఆయన సందేహం.

1905 అక్టోబరులో గార్నెట్ పెల్టన్ అనే నర్సును సోషల్ వర్కరుగా పెట్టి, అవుట్ పేషెంటు వసారాలో ఒక మూల బల్ల వేయించాడు. ఆస్పత్రి పైసా ఇవ్వలేదు. ఖర్చు కాబట్, ఆయన స్నేహితులూ భరించారు. వచ్చేవారిలో క్షయరోగులు ఎక్కువ. పెల్టన్‌కే క్షయ సోకి, ఏడాది తిరక్కుండానే పని మానుకోవలసి వచ్చింది. 1906లో ఆమె స్థానంలోకి వచ్చిన ఐడా కానన్ 1945 దాకా ఆ విభాగాన్ని నడిపారు. శరీరం తన సమతౌల్యాన్ని ఎలా కాపాడుకుంటుందో చెప్పి, దానికి "హోమియోస్టాసిస్" అని పేరుపెట్టిన ఫిజియాలజిస్టు వాల్టర్ కానన్ ఈమె అన్నగారే. అన్నగారు ఒంటి లోపలి సమతౌల్యం వెదికితే, చెల్లెలు ఇంటి సమతౌల్యం వెదికింది.

డాక్టర్లు మొదట్లో ఈవిణ్ణి చొరబాటుదారుగానే చూశారు. కానన్ వాళ్ళతో వాదం పెట్టుకోలేదు. ఒక్కొక్క రోగి విషయంలో, తాను తెలుసుకున్న ఒక్కొక్క వివరంతో తన పని విలువ చూపిస్తూ వచ్చారు. ఈ విభాగాన్ని ఆస్పత్రి తన ఖర్చుమీద నడపటానికి ఒప్పుకున్నది 1919లో. అంటే ఆ బల్ల వేసిన పద్నాలుగేళ్ళకు.

అదే ఊళ్ళో అదే 1905లో డాక్టర్ జోసెఫ్ ప్రాట్, శానిటోరియానికి వెళ్ళే స్తోమతు లేని క్షయరోగులను ఎమ్మాన్యుయేల్ చర్చి సాయంతో వారానికొకసారి ఒకచోట కూర్చోబెట్టటం మొదలుపెట్టాడు. ప్రతివాడూ తన బరువు, జ్వరం, విశ్రాంతి పుస్తకంలో రాసుకుని తేవాలి. ఒకడు కోలుకుంటే పదిమందికి ధైర్యం. ఇంటికి వెళ్ళి చూడటానికి ఒక సందర్శకురాలు. గ్రూప్ థెరపీకి ఇదే ఆరంభమని చెబుతారు.

ఫ్లెక్స్‌నర్ వేసిన ప్రశ్న

వైద్యవిద్యను 1910 నివేదికతో తలకిందులు చేసిన అబ్రహాం ఫ్లెక్స్‌నర్ పేరు మనం విన్నదే. 1915లో బాల్టిమోరులో జరిగిన జాతీయ మహాసభకు ఆయనను పిలిచి, సోషల్ వర్క్ ఒక వృత్తి అవునా కాదా చెప్పమన్నారు. కాదు, ఇంకా కాలేదు అని ఆయన తీర్పు. డాక్టరుకూ ఇంజనీరుకూ ఉన్నట్టు దీనికి తనదంటూ గిరిగీసిన విద్య లేదు, ఇతర నిపుణులను రోగి దగ్గరకు తెచ్చే మధ్యవర్తి మాత్రమే అని ఆయన వాదం. ఆ దెబ్బ ఆ వృత్తిలోనివాళ్ళను ఏళ్ళ తరబడి బాధించింది.

1917లో మేరీ రిచ్మండ్ ప్రచురించిన "సోషల్ డయాగ్నోసిస్" గ్రంథం అందుకు జవాబుగా నిలిచింది. ఈవిడ కాలేజీ గడప తొక్కలేదు. బాల్టిమోరు చారిటీ సొసైటీలో కోశాధికారికి సహాయకురాలిగా 1889లో చేరి, పైకి వచ్చిన మనిషి. ఆమె బోధన మనబోటివాళ్ళకు తేలిగ్గా తెలుస్తుంది. రోగిని పరీక్షించకుండా మందు రాయనట్టే, సాక్ష్యం సేకరించకుండా సహాయం చేయవద్దు. ఒకరి మాటమీద ఆధారపడవద్దు. కుటుంబం, బంధువులు, ఇరుగుపొరుగు, బడి, యజమాని, డాక్టరు అందరినీ కలువు. విన్నదానికీ చూసినదానికీ ఊహించినదానికీ తేడా గుర్తుపెట్టుకో. మనిషి చుట్టూ వలయాలు గీసి, మొదటి వలయంలో కుటుంబం, తరవాత సొంత శక్తులు, తరవాత ఇరుగుపొరుగు, ఊరు, ధర్మసంస్థలు, చివరికి ప్రభుత్వం, ఇలా లోపలినించి బయటికి వెదుకుతూ వెళ్ళమన్నారు. లోపలి వలయాల్లో దొరికే సాయాన్ని చూడకుండా బయటికి పరుగెత్తవద్దని దాని సారాంశం. "వ్యక్తి తన పరిసరాలతో సహా" అనే భావన ఈనాటికీ ఆ వృత్తికి ఇరుసు.

రెండు బడుల తగవు, "నీ ఇష్టం" అనే మాట

మొదటి యుద్ధంలో మనసు చెదిరిన సైనికులను చూసుకోవటానికి 1918లో స్మిత్ కాలేజీలో మానసిక సోషల్ వర్క్ శిక్షణ మొదలైంది. ఆ తరవాత ఫ్రాయిడ్ సిద్ధాంతాలు ఈ వృత్తిని ముంచెత్తాయి. వాళ్ళలో రెండు బడులు బయలుదేరాయి. న్యూయార్కు పక్షం వారిది రోగనిర్ణయ బడి. చిన్ననాటి నించి చరిత్ర తవ్వి, కారణం కనిపెట్టి, చికిత్స చెయ్యాలంటుంది. ఫిలడెల్ఫియాలో జెస్సీ టాఫ్ట్, వర్జీనియా రాబిన్సన్ నడిపినది ఫంక్షనల్ బడి. ఆటో ర్యాంక్ ప్రభావం దానిమీద ఉంది. గతం తవ్వటం కాదు, సంస్థ ఇవ్వగలిగిన సేవ, దానికున్న గడువు, ఈ రెండిటి మధ్య మనిషి తానే నిర్ణయాలు చేసుకునే శక్తి తెచ్చుకోవాలంటుంది ఈ బడి. అల్లోపతీ హోమియోపతీ డాక్టర్ల మాదిరిగా ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా దాదాపు ఇరవై ఏళ్ళు గడిపారు. 1957లో హెలెన్ పెర్ల్‌మన్, కేస్ వర్క్ అంటే ఒక మనిషికి ఎదురైన సమస్యను ఒకచోట కూర్చుని అంచెలంచెలుగా విప్పటమేనని చెప్పి రాజీ కుదిర్చినంత పని చేశారు.

ఆ 1957లోనే ఫెలిక్స్ బీస్టెక్ అనే క్రైస్తవ గురువు, సోషల్ వర్కరుకూ సాయం కోరి వచ్చినవారికీ మధ్య ఉండవలసిన సంబంధానికి ఏడు నియమాలు చెప్పారు. ప్రతి మనిషినీ ప్రత్యేకంగా చూడటం, మనసులోది చెప్పుకోనివ్వటం, తన భావోద్రేకాన్ని అదుపులో ఉంచుకోవటం, ఉన్నవాణ్ణి ఉన్నట్టు అంగీకరించటం, తీర్పు చెప్పకపోవటం, నిర్ణయం అతనికే వదలటం, రహస్యం కాపాడటం.

మన సంసారాల్లో పెరిగినవాళ్ళకు వీటిలో ఆరోది మింగుడుపడదు. కొడుకు చదువు, కూతురి పెళ్ళి, తండ్రి ఆపరేషను, ఏదీ ఒకరి నిర్ణయం కాదు కదా. "నీ ఇష్టం" అనే మాట మన ఇళ్ళలో ఎప్పుడు వినిపిస్తుంది? కోపం వచ్చి, ఇక నీ ఖర్మ అని చేతులు కడుక్కున్నప్పుడు. సోషల్ వర్కరుకు ఆ మాటతో పని ముగియదు, మొదలవుతుంది. నీ ఇష్టం ఏమిటో నీకు తెలిసేదాకా నీ పక్కన కూర్చుంటాను అని ఆవిడ అంటుంది. రెండు మాటల మధ్య దూరం గ్రహించటానికి మాకు కొన్నేళ్ళు పట్టింది.

మంచి మనసు చాలదని తేల్చిన ప్రయోగం

ఇక్కడ కాబట్‌గారి మాట ఇంకొకటి చెప్పకపోతే కథ పూర్తికాదు. తన రోగనిర్ణయాలనే శవపరీక్షకు నిలబెట్టిన మనిషి, దయను మాత్రం పరీక్షించకుండా ఎలా వదులుతాడు? బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జి, సోమర్‌విల్ పట్టణాల్లో చిన్న పిల్లలను జతలు జతలుగా ఎంచి, ప్రతి జతలో ఒకడికి కౌన్సిలరు సాయం, రెండోవాడికి మామూలు జీవితం, ఎవడికేది అన్నది బొమ్మా బొరుసూ వేసి తేల్చే పథకం తయారుచేశాడు. 1939లో కార్యక్రమం మొదలయ్యే వేళకు ఆయన కన్నుమూశాడు. 1945 దాకా కౌన్సిలర్లు ఇళ్ళకు వెళ్ళారు, చదువు చెప్పారు, డాక్టర్లకు చూపించారు, వేసవి శిబిరాలకు పంపారు. ఒక్కొక్క పిల్లవాడికి సగటున ఐదేళ్ళు.

సుమారు 30 ఏళ్ళ తరవాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు ఆ 506 మంది ఏమయ్యారో వెదికి 1978లో ప్రచురించింది. సాయం పొందినవారిలో మూడింట రెండు వంతులమంది అది తమకు మేలు చేసిందన్నారు. కాని లెక్కలు వేరుగా ఉన్నాయి. నేరాలు తగ్గలేదు. తాగుడు లక్షణాలు, తీవ్రమైన మానసిక వ్యాధులు, అకాలమరణం, ఇటువంటి కొన్ని విషయాల్లో సాయం పొందినవారి పరిస్థితే అధ్వాన్నం. ఎందుకైందో ఇదీ అని తేల్చి చెప్పటం కష్టం. బయటివాళ్ళ మీద ఆధారపడటం అలవాటైందా, తమకు అందని ఆశలు రేగాయా అని మెకార్డ్ తర్కించింది.

మంచి మనసుతో చేసిన పని గనక మంచే జరిగి తీరుతుందనే భరోసాను ఈ ఫలితం తీసివేసింది. ఏ సాయం పనిచేస్తుందో కొలిచి చూడాలనే పట్టుదల ఆ వృత్తిలో 1970ల నించి బలపడింది. తక్కువ కాలంలో, స్పష్టమైన లక్ష్యంతో పనిచేసే పద్ధతులు వచ్చాయి. సాయం కోరి వచ్చినవాడిలో రోగం వెదకటం మాని బలం వెదకమనే ఆలోచన 1990లకు స్థిరపడింది. తన పొరపాట్లను తానే లెక్కవేసి అచ్చువేసుకున్న వృత్తిని, వృత్తి కాదని అనటం ఫ్లెక్స్‌నర్‌కు కూడా కష్టమే అయి ఉండేది.

మన దేశంలో

ఈ విద్య మన దేశానికి బొంబాయి మీదుగా వచ్చింది. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ 1920లలో నాగ్‌పాడాలో నైబర్‌హుడ్ హౌస్ నెలకొల్పి, హల్ హౌస్ తరహాలో నడిపాడు. ఆ పక్కనున్న కామాఠీపురకు ఆ పేరు మన తెలంగాణ ప్రాంతం నించి కూలికి వెళ్ళిన కామాఠీల వల్ల వచ్చిందేనని ఎందరికి తెలుసు? ఆయనే డైరెక్టరుగా 1936లో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ప్రారంభమైంది. 1944లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. 1946లో బొంబాయి జె.జె. ఆస్పత్రిలో మొదటి వైద్య సోషల్ వర్కరు నియామకం జరిగింది. అదే ఏడు భోర్ కమిటీ కూడా ఆస్పత్రులకు ఇటువంటి వారు అవసరమని చెప్పింది. అయినా పెద్ద ప్రభుత్వాసుపత్రిలో హౌస్ సర్జన్సీ చేసిన మేము ఒక్క సోషల్ వర్కరుతోనైనా కలిసి పనిచేసిన గుర్తు లేదు. అక్కడ ఆ పని రోగి వెంట వచ్చిన బావమరిదో, పక్క మంచం వాడో చేసేవాడు.

పుస్తకం వల్ల గాక అనుభవం వల్ల ఈ విద్య నేర్చిన మనిషి మనలో ఒకరున్నారు, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. 1909లో రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదో ఏట పెళ్ళి చేస్తే, ఊహ తెలిశాక ఆ పెళ్ళిని కాదని బయటికి వచ్చిన ధీరురాలు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్ళినప్పుడు, చట్టం తెలియక, తమ తరఫున మాట్లాడేవారు లేక శిక్షలు అనుభవిస్తున్న స్త్రీలను చూసి లా చదవాలని నిశ్చయించుకున్నారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు ఆగిపోయిన స్త్రీలను మెట్రిక్కు పరీక్షకు తయారుచేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యాక అదే అనుభవాన్ని దేశమంతటికీ విస్తరించారు. చదువు ఆగిన స్త్రీ దగ్గర లోపం వెదకకుండా, రెండేళ్ళు చేయూతనిస్తే ఆమె నర్సో, టీచరో కాగలదని చూడటం, బలం వెదకమనే సిద్ధాంతానికి పేరు రాకముందే ఆచరణ.

డాక్టర్లుగా మేము గర్వించే ఉదాహరణ ఇంకొకటి మద్రాసుదే. క్షయకు శానిటోరియమే గతి అనుకునే రోజులవి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పేరు వినని తెలుగు కుటుంబం ఉండేది కాదు. అక్కడ మంచం దొరకనివాళ్ళు లక్షలు. 1956లో మద్రాసు కీమోథెరపీ కేంద్రం 193 మంది పేద రోగులను రెండు భాగాలు చేసి, సగం మందిని శానిటోరియంలో ఉంచి, సగం మందికి వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే ఏడాదిపాటు అవే మందులిచ్చింది. హెల్త్ విజిటర్లు ఇళ్ళకు వెళ్ళి, మాత్రలు లెక్కపెట్టి, వాడుతున్నదీ లేనిదీ కనుక్కునేవారు. తిండి తక్కువైనా, గాలి చాలకపోయినా, ఇంటి వైద్యం ఫలితం శానిటోరియానికి దగ్గరగానే వచ్చిందనీ, ఇంట్లోవాళ్ళకు దానివల్ల అదనపు ముప్పు కనిపించలేదనీ 1959లో ప్రకటించారు. ప్రపంచమంతటా శానిటోరియాలు మూతపడటానికి ఈ పరిశోధన ముఖ్య కారణాల్లో ఒకటి. బోస్టన్ వసారాలో వేసిన ప్రశ్నే ఇదీ: రోగి ఇంటికి వెళ్ళాక ఏమవుతుంది?

మనలో మన మాట

ఇంత చదివాక కూడా మేము చేసిన తప్పు ఒకటి చెప్పి ముగిస్తాం. ఒకసారి ఆస్పత్రిలో తెలుగు పెద్దావిడ ఒకరు చేరారు. కొడుకు దగ్గరకు వచ్చి రెండేళ్ళయింది. తిండి సయించదు, నిద్ర లేదు, పరీక్షలన్నీ బాగున్నాయి. సోషల్ వర్కరు మమ్మల్ని దుభాషీగా పిలిచి, ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో అడగమంది. కొడుకూ కోడలూ పక్కనే నిలబడి ఉన్నారు. పెద్దావిడ కిటికీ వంక చూస్తూ, "ఏముంది బాబూ, పొద్దున వాళ్ళు తాళం వేసుకుని వెళ్ళింది మొదలు సాయంత్రం దాకా గోడలతో మాట్లాడుకుంటా. మా ఊరి బస్సు కూత చెవిలో వినిపిస్తుంటుంది" అన్నారు.

మేము తర్జుమా చేసింది: "బాగానే ఉందట. కొంచెం ఊరు గుర్తొస్తోందట."

ఎందుకలా చెప్పాం? ఆ అబ్బాయి మనవాడు, మంచివాడు. తల్లిని ప్రేమగా తెచ్చుకున్నాడు. తెల్లవాళ్ళ ముందు అతని తల దించటం ఇష్టంలేకపోయింది. సోషల్ వర్కరు అంటే ఇంట్లో తప్పులు పట్టే మనిషి అనే పాత భయం మాలోనూ పోలేదు. నిజం చెప్పి ఉంటే ఆవిడ చేసేది తప్పు పట్టటం కాదు. పగటిపూట వృద్ధులు కలుసుకునే కేంద్రమో, వారానికి రెండుసార్లు వచ్చి కూర్చునే తెలుగు మనిషో, ఊరికి తిరుగు టిక్కెట్టో, ఏదో ఒక దారి వెదికేది. అన్నిటికన్న ముందు ఆ పెద్దావిడను "మీకేం కావాలి?" అని అడిగేది. ఆ ప్రశ్న ఆవిణ్ణి రెండేళ్ళలో ఎవరూ అడిగి ఉండరు. మేమూ అడగలేదు. మందు రాసి పంపించాం.

మన కుటుంబాల్లో గుట్టు గొప్ప గుణమే. గుట్టుగా బతికినవాళ్ళే ఇంత దూరం వచ్చి నిలదొక్కుకున్నారు. కాని తాళం వేసిన ఇంట్లో గోడలతో మాట్లాడే తల్లి గుట్టుకు మనం కాపలా కాయవలసిన పనిలేదు. ఈసారి ఆస్పత్రిలో స్టెతస్కోపు లేని మనిషి మీ మంచం పక్కన కుర్చీ వేసుకు కూర్చుంటే, ఆవిడ అడిగిన దానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మమ్మల్ని దుభాషీగా పిలిస్తే, మీ అమ్మగారు అన్నమాటే చెబుతాం.